రెండు చివరలా బుడగ

సోమవారం. పడవ కనబడలేదు.

ఇవాళ లేత్ మిషను మరమ్మతు శాలలోకి వచ్చింది. వచ్చింది అని రాయడానికి చెయ్యి రావడం లేదు, ఎందుకంటే అది తనంతట తాను అంగుళం కూడా కదల్లేదు. అడుగు కొట్టులోంచి చైను బ్లాకుతో పైకి లాగి, గొట్టాల మీద దొర్లించి, గునపాలతో ఎగదోసి, పేటలో ఖాళీగా కనబడ్డ ప్రతివాడి నడుమూ విరిచి తెచ్చాం. తీసిన చోట అంత బరువుకూ ఇసక బస్తాలు పేర్చాం. పేర్చకపోతే ఊరు ఊగుతుంది. ఊరు ఊగితే వరిమడుల్లో నీళ్ళు గట్టు దాటతాయి. అప్పుడు ఊరందరి తిట్లూ మరమ్మతు శాల పెద్దనైన నాకే, అంటే నూకరత్నానికే తగులుతాయి.

ఈ లేత్ భూమి మీద తయారైంది. మా ముత్తాతలు దీన్ని ఆకాశంలో ఉన్న ఈ ఊళ్ళోకి, కంకణంలోకి ఎక్కించింది పని కోసం కాదు, బరువు కోసం. గాజులా గుండ్రంగా, నడుమ ఖాళీగా ఉండి గిర్రున తిరిగే ఊరికి ఒక పక్క బరువు తగ్గితే అక్కడ ఏదో ఒకటి పడెయ్యాలి కదా. వాళ్ళకి పాత ఇనుము దొరికింది, పడేశారు. అప్పటినుంచీ అది చీకట్లో, గ్రీజులో, గోనెపట్టా కింద ఉంది.

పట్టా తీశాక దాని మీద చెయ్యి వేశాను. మాకు తెలిసిన సామానంతా అచ్చుపెట్టెల్లో పొరలు పొరలుగా పోసిందే. తేలిక, లోపల డొల్ల. ఇది పోత ఇనుము. నా చేతిలో వేడి లాక్కుంది, ఇంకా లాక్కుంటూనే ఉంది, తను మాత్రం వెచ్చబడలేదు. ఇంత బరువైన వస్తువును నేను పుట్టి ఎరగను. ఎందుకో తెలియదు, అప్పటిదాకా అందరి మీదా అరుస్తున్నదాన్ని గొంతు తగ్గించి మాట్లాడడం మొదలుపెట్టాను.

ఇంత అవస్థ ఎందుకంటే, గుమ్మం ఇరుసు పగిలింది. ఊరంతా తిరుగుతున్నా, నడిమధ్య నాభి దగ్గరున్న గుమ్మం మాత్రం తిరక్కుండా నిలబడాలి. అది నిలబడితేనే బయటి పడవ వచ్చి ఆనుకోగలదు. దాన్ని నిలబెట్టేది మనిషిన్నర పొడుగు ఇరుసు. అచ్చుపెట్టెలో మూరెడు ముక్కలే వస్తాయి. అతికించి చూశాం, అతికిన ప్రతిచోటా విరిగింది. ముడి ఉక్కు కడ్డీ ఒకటే ఒకటి ఉంది. దాన్ని చెక్కాలంటే లేత్ కావాలి.

మంచు తేవడానికి వెళ్ళిన పడవ తిరిగి వస్తోంది. అందులో ఆరుగురు. నడిపేది నా చెల్లెలు గైరమ్మ. వచ్చి మా పక్కన ఆగేంత ఇంధనం ఉంది గానీ, ఆగాక ఎదురుచూసేంత గాలి వాళ్ళకి లేదు. కడుపు నిండా మంచుతో ఉన్న పడవ మాతోపాటు గిర్రున తిరగలేదు. ఊరు తిరగడం ఆపుదామా అంటే మట్టీ నీళ్ళూ మేకలూ అన్నీ గాల్లోకి లేస్తాయి. ఇరుసు తయారైతే వాళ్ళు ఇంటికొస్తారు. లేకపోతే గుమ్మం బయట మా కళ్ళముందే ఉంటారు, అంతే.

పడవ తిరిగొచ్చే రోజుల్లో ఎవరు ఏం రాసినా, వారం పక్కన పడవ వెలుగు ఏ గింజంత కనబడుతోందో రాయడం మా ఊరి ఆనవాయితీ. ఇవాళ ఏ గింజా లేదు.

సాయంత్రం మా అయ్య గవరయ్య వచ్చి చూశాడు. ఊరి చావుగది చూసుకునేది ఆయనే. లేత్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "బారునే ఎట్టినారు కదా?" అని అడిగాడు.

"బారునే అయ్యా. ఇంకెలగ ఎడతాం?" అన్నాను.

మంచమైనా మగ్గమైనా మేం వీధి బారునే పెడతాం. కంకణం తిరిగే తీరు ఎలాంటిదంటే, బారునా పడుకున్నవాడు హాయిగా లేస్తాడు, అడ్డంగా పడుకున్నవాడు లేవబోతే కళ్ళు తిరిగి పడతాడు. అందుకని మళ్ళీ లేవనివాళ్ళనే అడ్డంగా పెడతారు. అది చావుగదిలోనే.

బుధవారం. పడవ గసగసంత.

రెండ్రోజులుగా పునాది బోల్టుల పని. దాలినాయుడు లేకపోతే నా వల్ల అయ్యేది కాదు. శాలలో నా తరవాత వాడే, నన్ను అక్కలా చూసుకుని అప్పా అని పిలుస్తాడు. నాకంటే బాగా బిగిస్తాడు, నాకంటే ఎక్కువ మాట్లాడతాడు, రెండూ ఒకేసారి చేస్తాడు.

లేత్‌కి ప్రాణం దాని బెడ్. అంటే ఈ చివర నుంచి ఆ చివరదాకా ఉన్న పొడుగాటి ఇనప దిమ్మె. ఉలి పట్టుకునే బండి దాని మీదే జారుతుంది. బెడ్ ఎలా ఉంటే చెక్కిన కడ్డీ అలా వస్తుంది. బెడ్ కాళ్ళ కింద జాకీ బోల్టులు ఉంటాయి, అవి పైకెత్తుతాయి. పునాది బోల్టులు కిందికి లాగుతాయి. రెండింటి మధ్యా రేకు ముక్కలు దోపుతూ మట్టం చెయ్యాలి. ఎలా చెయ్యాలో మిషను ఒంటి మీదే ఇత్తడి పలక మీద చెక్కి ఉంది: రెండు చివరలా బుడగ మధ్యకు రావాలి, అప్పుడే గట్టిగా బిగించాలి.

ఆ బుడగ ఉన్న రసమట్టం కూడా మిషనుతో పాటే వచ్చింది, చెక్కపెట్టెలో, నూనె గుడ్డలో చుట్టి. మా శాలలోని మట్టాల్లో బుడగ బద్ధకంగా ఒకచోట కూర్చుంటుంది. ఇది వేరు. నేను పక్కన నిలబడి ఊపిరి వదిలితే కదిలింది. నాయుడు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు ఒరిగితే కదిలింది. వీధిలో మేకలు పోతుంటే మాకంటే ముందు దానికి తెలిసింది. మేమిద్దరం దాని ముందు చేతులు కట్టుకు నిలబడిపోయాం.

"అప్పా, దీనికి మనం ఏటనుకుంటన్నామో కూడా తెలిసిపోతాదేటి?" అన్నాడు నాయుడు.

అడ్డంగా పెట్టి చూస్తే రెండు చివరలా బుడగ మధ్యలోనే కూర్చుంది. మొదటిసారికే. అది బాగుందని వదిలేశాం. బారునా పెట్టి చూస్తే మాత్రం ఎడమ చివర బుడగ కుడి వైపు పారిపోతోంది, కుడి చివర బుడగ ఎడమ వైపు పారిపోతోంది. ఒక చివర ఎత్తితే అక్కడ కుదురుతుంది, రెండో చివర ఇంకా పాడవుతుంది. పొద్దుగూకేదాకా ఎత్తీ దించీ తల ప్రాణం తోకకొచ్చింది.

శుక్రవారం. పడవ ఆవగింజంత.

గెలిచాం అనుకున్నాం. రెండు చివరలూ జాకీలతో ఎత్తి, మధ్య బోల్టుల్ని పానాకి పొడుగు గొట్టం తగిలించి ఇద్దరం వేలాడి బిగించాం. కొంచెం కొంచెంగా బుడగలు దారికొచ్చాయి. ఎడమ చివర మధ్యలో, కుడి చివర మధ్యలో. ఇత్తడి పలక చెప్పింది చెప్పినట్టు. నాయుడు ఈల వేశాడు. నేను వాణ్ణి కౌగిలించుకున్నంత పని చేశాను.

తరవాత పనికిరాని కడ్డీ ఒకటి బిగించి చెక్కి చూశాం. మోటారు తిరిగింది, ఉలి ఆనింది, ఉక్కు పొట్టు చుట్టలు చుట్టలుగా లేచింది. ఎంత అందంగా ఉందో! అచ్చుపెట్టె వస్తువును పోగు చేస్తుంది. ఇది ఉన్నదాంట్లోంచి అక్కర్లేనిది తీసేస్తుంది, లోపలున్నది బయటపడుతుంది. చూస్తూ అలా ఉండిపోయాను.

మైక్రోమీటరు పెట్టాక ఆ సంబరం చప్పబడింది. రెండు చివరలా ఒకే లావు, మధ్యలో వెంట్రుకలో సగం ఎక్కువ. కడ్డీకి పొట్ట వచ్చింది. ఆ మాత్రం పొట్టకే గుమ్మం పట్టేస్తుంది, పట్టేసిన గుమ్మం ఊరితోపాటు తిరిగి పడవను పిండేస్తుంది.

శనివారం. పడవ ఆవగింజ దాటింది.

మట్టం సరిగా కుదరలేదేమోనని అన్నీ విప్పి మళ్ళీ బిగించాం. మళ్ళీ పొట్ట. ఇంకా గట్టిగా బిగించాం. మూడోసారి గొట్టం మీద వేలాడుతుండగా బెడ్ లోపల ఎక్కడో 'టంగు' మంది. ఇద్దరం చేతులు వదిలేశాం. పోత ఇనుము చెప్పి పగలదు. పగిలితే ఇంకోటి ఈ ఆకాశంలో ఎక్కడా లేదు.

దీపం పెట్టి, కిరసనాయిలు రాసి, వేలితో తడిమి వెతికాం. పగుళ్ళు లేవు. బోల్టులన్నీ వదులు చేసేసి నేల మీద కూలబడ్డాను. నాయుడు గొట్టం గోడకి ఆనించి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

రేడియోలో గైరమ్మ దొరికింది. మాట వెళ్ళి రావడానికి ఒక గుటక మంచినీళ్ళు తాగినంత సేపు పడుతోంది. మా అయ్య రోజూ ఆ రేడియో పక్కనే కూర్చుని భోంచేస్తాడు.

"అప్పా, ఇరుసు ఎంతవరకొచ్చింది?" అంది.

"అవుతోందే."

గుటక నీళ్ళంత సేపు గడిచింది. "నువ్వు 'అవుతోందే' అన్నావంటే అవటం నేదన్నమాట," అంది.

ఆదివారం. పడవ సజ్జగింజంత.

పొద్దున్నే ఒక్కదాన్నే శాలకు వెళ్ళాను. ఏం చెయ్యాలో తోచక రసమట్టం తీసి ఊరికే బెడ్ మీద అక్కడా ఇక్కడా పెడుతున్నాను. బారునా పెట్టిన ప్రతిచోటా బుడగ ఒక్కో మాట చెబుతోంది. అడ్డంగా పెడితే మాత్రం ఎక్కడైనా ఒకటే మాట. ఇన్ని రోజుల్లో అడ్డంగా పెట్టినప్పుడు అది ఒక్కసారి కూడా అలగలేదు. సులువుగా అయిన పని దగ్గర ఆగి ఆలోచించే అలవాటు నాకు లేదు, ఇవాళే మొదటిసారి ఆగాను.

మగ్గం నూలు ఒక కండె తెచ్చి శాల బారునా ఈ గోడనుంచి ఆ గోడకు బిగించి కట్టాను. రెండు చివరలా నేలకు జానెడు ఎత్తు. మధ్యకు వెళ్ళి కొలిస్తే జానెడు మీద మూడు వేళ్ళు. అదే దారం విప్పి అడ్డంగా కట్టాను. ఈ చివర జానెడు. ఆ చివర జానెడు. మధ్యలో జానెడు.

నేల వంపని మాకు తెలియదా? చంటిపిల్లలకీ తెలుసు. వీధి రెండు వైపులా పైకి లేచి, నెత్తిమీద వెనకపేట ఇళ్ళు వేలాడుతుంటే తెలియకేం. అందుకే మేం కట్టే గోడా పలకా నేలతో పాటు రవ్వంత వంగే తయారవుతాయి, ఆ లెక్క అచ్చుపెట్టెలే చూసుకుంటాయి. తిన్నన అన్నా మట్టం అన్నా మాకు ఒకటే. నేల ఎలా పోతే అలా పోవడమే. ఇనుముకి ఆ సంగతి తెలియదు. అది తిన్నగా పుట్టింది. మేం రెండు చివరలూ ఎత్తి, నడుము కిందికి లాగి, దాన్ని నేలలాగా వంచుతున్నాం. వంగిన బెడ్ మీద ఉలి కూడా వంగే నడుస్తుంది, అందుకే పొట్ట.

మరి ఇత్తడి పలక అబద్ధం చెప్పిందా? చెప్పలేదు. అది రాసినవాళ్ళ నేల వేరు. అక్కడ రెండు చివరలా బుడగ మధ్యకొస్తే బెడ్ తిన్నగా ఉన్నట్టే. ఊపిరి తగిలితే ఉలిక్కిపడే ఈ బుడగకు కూడా వంపు తెలియనంత పెద్ద నేల! నేను ఆ మాట అనుకుని పలక మీద చెయ్యి పెట్టి నిలబడిపోయాను. ఎంత పెద్దది అయ్యుండాలి అది? దాని మీద నడిచినవాళ్ళకి ఎలా ఉండేది? మా అమ్మమ్మకి వాళ్ళ అమ్మమ్మ చెప్పిన కథలు విని నేను నవ్వేదాన్ని. ఇవాళ ఒళ్ళు గగుర్పొడిచింది.

నాయుడు వచ్చాక దారం చూపించాను. వాడు నాలుగుసార్లు కొలిచాడు. "అంటే మిషను..." అని ఆగిపోయాడు.

"అడ్డంగా తిప్పాలి," అన్నాను.

"ఓలమ్మో," అన్నాడు. "మీ అయ్యకి నువ్వే సెప్పుకో. నాను సెప్పను."

సోమవారం. పడవ పెసరగింజంత.

చెప్పాను. మా అయ్య నేరుగా శాలకొచ్చి, లేత్ ఎక్కి, బెడ్ మీద కూర్చున్నాడు. దిగనన్నాడు.

దారం చూపించాను. చూశాడు. బుడగ చూపించాను. చూశాడు. ఆయనకు అర్థం కాలేదని ఎవరైనా అనుకుంటే పొరపాటు. నాకంటే ముందే అర్థమైంది.

"నువ్వు సెప్పింది నిజవే నూకీ. అడ్డం తిన్నగుంటాది. నాను ఇన్నేళ్ళుగా సావుగది బల్ల మీద నీళ్ళు పోసి కడుగుతన్నాను, నీళ్ళు ఎటూ జారవు, నాకు తెల్దేటి?" అన్నాడు. "మీ అమ్మని నా సేతుల్తో అడ్డంగా ఎట్టినాను. ఇప్పుడు గైరి బయటుంది. ఇంటికొస్తన్న పిల్లకెదురుగా ఇంత ఇనుము అడ్డంగా ఎడతావా? దారి తెరుస్తన్నావా, పాడె కడతన్నావా?"

"అయ్యా, ఇరుసు లేకపోతే గైరి లోపలికే రాదు."

"తెలుసు."

"మరి దిగు."

"దిగలేను," అన్నాడు. బెడ్ అంచును రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. కోప్పడదామని నోరు తెరిచినదాన్ని ఆ చేతులు చూసి మూసుకున్నాను. ఆయనది మొండితనం కాదు, భయం. నాదీ అదే భయం, కాకపోతే నేను దాన్ని బోల్టుల మీద చూపిస్తున్నాను.

మిషను తిప్పాలంటే పేటంతా చెయ్యి వెయ్యాలి. గవరయ్య ఊ అనకుండా అడ్డం పనికి ఎవరూ చెయ్యి వెయ్యరు. వీధిలో అప్పుడే జనం ముక్కున వేలేసుకుని చూస్తున్నారు.

సాయంత్రం రేడియో తెచ్చి ఆయన పక్కన బెడ్ మీదే పెట్టాను. గైరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. పగిలిన ఇరుసు, పొట్ట, దారం, పైనెక్కి కూర్చున్న అయ్య. నీళ్ళ గుటక గడిచింది.

"అయ్యా," అంది గైరమ్మ. "ఇక్కడ అడ్డవేటి, బారేటి? బరువే నేదు కదా. నిన్న ఒకడు గోడకి తొంగున్నాడు, నాను కప్పుకి తొంగున్నాను. ఇన్ని నెల్లు ఎటు పడితే అటు తొంగున్నాం. పొద్దున్నే అందరం లెగుస్తన్నాం. నాకు కాళ్ళతోటి నడవాలనుంది అయ్యా."

మా అయ్య రేడియో నా చేతికిచ్చాడు. బెడ్ మీంచి దిగి ఇంటికెళ్ళిపోయాడు.

మంగళవారం. పడవ కందిగింజంత.

ఇవాళ జరిగింది జరిగినట్టే రాస్తాను.

పొద్దున్న మా అయ్య స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని శాలకొచ్చాడు. వెనక పేటంతా వచ్చింది. ఆయన శాల నడిమధ్య నిలబడి, దారం కట్టిన వైపు చూసుకుని, దాని వెంబడి నేల మీద అడ్డంగా పడుకున్నాడు. కాళ్ళు దగ్గరపెట్టాడు. చేతులు గుండెల మీద పెట్టుకుని కళ్ళు మూశాడు. ఎంతమందిని అలా సర్దాడో, ఎక్కడ ఏది పెట్టాలో ఆయనకు కొత్త కాదు.

ఎవరో ఏడుపు ఆపుకుంటున్నారు. నాకు మా అమ్మ మొహం కళ్ళముందు ఆడింది. వెళ్ళి లేపాలనిపించింది.

అప్పుడాయన లేచాడు. లేవగానే తల తిరిగింది. ఒక పక్కకు ఒరిగి మోకాళ్ళ మీద పడి వాంతి చేసుకున్నాడు. నాయుడు పట్టుకోబోతే చెయ్యి విదిలించాడు. నేల మీద చేతులు ఆనించి, ఒక కాలు, తరవాత ఇంకో కాలు లాక్కుని నిలబడ్డాడు. ఊగుతూనే అందరి వైపూ చూశాడు.

"సూసినారా? అడ్డంగా తొంగున్నోడు లెగిసినాడు," అన్నాడు. "ఇంక రండి. ఎత్తండి."

నేను అందరి ముందూ భోరుమన్నాను. నాకేం సిగ్గనిపించలేదు.

ఆ తరవాత శాలలో గునపం దొరకలేదు, అన్నీ ఎవరో ఒకరి చేతిలో ఉన్నాయి. గొట్టాల మీద మిషనును అంగుళం అంగుళం తిప్పాం. పక్క వీధి నేతగాళ్ళు తాళ్ళు పట్టారు. మా అయ్య గోడవారగా కూర్చుని నిమ్మకాయ వాసన చూస్తూ, "కుడికి... ఇంకా కుడికి... సాలు" అని చెబుతూ పోయాడు. చీకటి పడకముందే లేత్ అడ్డంగా కూర్చుంది.

శుక్రవారం. పడవ శనగగింజంత.

కొత్త పునాది బోల్టులు దింపి, నాలుగు రేకు ముక్కలు దోపి రసమట్టం పెట్టాను. ఎడమ చివర బుడగ మధ్యలో. కుడి చివర మధ్యలో. నడుమ ఎక్కడ పెట్టినా మధ్యలో. ఏ బోల్టు మీదా ఎవరూ వేలాడలేదు. మామూలు పానాతో, మామూలు చేతి బలంతో బిగించాం. ఇనుము కిమ్మనలేదు.

మోటారు వేశాం. మొన్నటిదాకా తిరిగేటప్పుడు లోపల ఒక గురక ఉండేది, మిషను లక్షణమే అదనుకున్నాను. ఇవాళ అది లేదు. ఊరు తిరిగే వాటానికి లేత్ చక్రం తిరిగే వాటం కుదిరింది కాబోలు, ఒకదాంతో ఒకటి పోట్లాడుకోవడం మానేశాయి. కడ్డీ చెక్కి మైక్రోమీటరు పెట్టాను. ఈ చివరా, నడుమా, ఆ చివరా ఒకటే కొలత. నాయుడు నా చేతిలోంచి లాక్కుని మళ్ళీ కొలిచాడు. తరవాత మైక్రోమీటరు తుడిచి, చేతులు తుడుచుకుని, ఇంకోసారి కొలిచాడు.

"ఒకటే అప్పా," అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు, మధ్యాహ్నం దాకా.

ముడి ఉక్కు కడ్డీ ఎక్కించాం. ఒక్కటే ఉంది గనక ఉలి ఆనించేముందు ప్రతి బోల్టూ ఇంకోసారి చూసుకున్నాను.

ఆదివారం. పడవ చింతపిక్కంత.

ఇరుసు పూర్తయింది. నల్లగా, గరుకుగా ఎక్కిన కడ్డీ అద్దంలా దిగింది.

తుడిచి బల్ల మీద పెట్టగానే పేటలో వాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. ఒక కన్ను మూసి దాని వెంబడి చూడమన్నాను. చూసినవాళ్ళు చూసినట్టు వెనక్కి తగ్గారు. మాకు అలవాటు లేదు. మా కళ్ళు వంపుల్లోనే పుట్టాయి. మగ్గం నేసే పోలమ్మవదిన మాత్రం చాలాసేపు చూసింది.

"ఒలే నూకీ, ఈ గీత ఇలగే ఎల్లిపోతే ఎక్కడికి పోతాది?" అని అడిగింది.

మా ఊళ్ళో వీధి పట్టుకుని నడిచేవాడు ఎంత దూరం పోయినా గంటంపావుకి మళ్ళీ తన ఇంటి ముందుకే వస్తాడు. ఈ గీత రాదు. ఇది శాల గోడ దాటి, ఊరి గోడ దాటి, బయట నల్లటి ఆకాశంలోకి పోతూనే ఉంటుంది, ఎక్కడా ఆగదు, వెనక్కి తిరగదు. నాలుగు తరాలుగా ఆకాశంలో ఉంటున్నాం. దాని పొడుగు ఎంతో నాకు మొదటిసారి మా శాలలో, ఒక ఉక్కు కడ్డీ దగ్గర తెలిసింది.

"బయటికి పోతుంది వదినా," అన్నాను.

"అయితే గైరమ్మ వొచ్చీ దారే," అని, కొంగుతో ఇరుసును ఒకసారి తుడిచి వెళ్ళిపోయింది.

బుధవారం. పడవ గుమ్మం దగ్గర.

నిన్నంతా నాభి దగ్గరే. అక్కడ బరువు ఉండదు గనక అంత ఇరుసునూ నేనూ నాయుడూ వేళ్ళతో తోసుకుపోయి గుమ్మంలో దించాం. మా అయ్య కూడా వచ్చాడు. వద్దన్నా వినలేదు. గోడ కడ్డీ పట్టుకుని తేలుతూ, పంచె ఎగరకుండా మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ఉన్నాడు.

ఇవాళ గుమ్మం నడిపించాం. చుట్టూ ఊరు తిరుగుతోంది, గుమ్మం నిలబడింది. పడవ మెల్లగా వచ్చి ఆనుకుంది. కొక్కేలు పడ్డ చప్పుడు విన్నాం.

తలుపు మాత్రం తెరుచుకోలేదు.

గుమ్మానికి ఇవతల మేం చూడగలం, అవతల పడవలో ఉన్నవాళ్ళకి ఏమీ కనబడదు. వాళ్ళకి ఆధారం చెవే. గుమ్మం సవ్యంగా నడుస్తుంటే ఇరుసు పెద్దగా మూలుగుతుంది. మూలుగు ఆగిందంటే పట్టేసినట్టు. అప్పుడు తలుపు తీస్తే గుమ్మానికి ఆనుకున్న గొంతుక దగ్గర పడవ చీలిపోతుంది. పడవ ఎక్కే ప్రతివాడికీ మొదట నేర్పేది ఇదే: మూలుగు వినబడకపోతే తలుపు ముట్టుకోకు.

"అప్పా," అంది గైరమ్మ రేడియోలో. ఇప్పుడు మధ్యలో గుటక లేదు, చెవి దగ్గరే ఉంది. "సప్పుడు నేదు. పట్టీసింది. మమ్మల్ని ఎనక్కి తొయ్యండి."

"పట్టెయ్యలేదే. తిరుగుతోంది. నేను చూస్తున్నాను."

"నేదప్పా. నాను పుట్టిన కాణ్ణించి ఇంటన్నాను ఆ సప్పుడు. గోడకి సెవి ఆనించినాను. ఏటీ నేదు. నువ్వు నా కోసం అబద్దం ఆడకు, ఇక్కడ ఇంకా అయిదుగురున్నారు."

తిన్నగా ఉంది గనక మూలగడం లేదని చెప్పాలి. మేం ఇన్నాళ్ళూ విన్నది వంకర ఇరుసు బాధ అని చెప్పాలి. తిన్ననిది ఎలా ఉంటుందో గైరమ్మకెప్పుడు తెలుసు గనక? నాకే పది రోజుల కిందట తెలియదు. లోపల వాళ్ళకి గాలి అయిపోతోంది.

మా అయ్య కడ్డీ వదిలి తేలుతూ వచ్చి నా చేతిలోంచి రేడియో తీసుకున్నాడు.

"గైరీ, నాను. అయ్యని. గుమ్మం కాడే ఉన్నాను. నా సెయ్యి ఇరుసు మీద ఉంది," అన్నాడు. నిజంగానే ఒక చెయ్యి చాపి దాని మీద పెట్టాడు. "తిరుగుతంది తల్లీ. మీ అప్ప సేసింది. సప్పుడుండదు. తలుపు తియ్యి."

నాయుడు కళ్ళు మూసుకున్నాడు. నేను తలుపు గడియ మీంచి చూపు తిప్పలేకపోయాను.

గడియ తిరిగింది.

మొదట చల్లటి గాలి వచ్చింది, మంచు వాసనతో. ఆ వెనక నా చెల్లెలు తేలుతూ వచ్చింది. జుట్టు అట్టలు కట్టింది, మొహం సగమైంది. మా వైపు రాలేదు. నేరుగా ఇరుసు దగ్గరికి వెళ్ళి, అయ్య చేతి పక్కన తన చెయ్యి పెట్టి, చెవి ఆనించింది. వెనక ఒక్కొక్కరే బయటికొస్తున్నారు, నాయుడు లెక్కపెడుతున్నాడు. ఆరో మనిషి కూడా వచ్చేదాకా గైరమ్మ అలాగే ఉంది.

"ఏటీ ఇనబడ్డం నేదప్పా," అంది, ఏడుస్తూ.